దక్షిణం వాటా

కదిలింది. లేదు, కదల్లేదు. కదిలినట్టే ఉండి మళ్లీ అక్కడే ఆగిపోయింది ఆ పచ్చ గీత. ఎండాకాలంలో పెన్నకు నీళ్లొస్తున్నాయని ఎవడో కేకేస్తే పామిడి జనమంతా గట్టు మీదికి పరుగెత్తి, అదిగో నీళ్లు, అబ్బే కాదు ఇసుక మెరుపు, అదిగో మళ్లీ, అని కళ్లు నొప్పి పుట్టేదాకా చూసినట్టు సరళ తెరను చూస్తూ ఉంది. కుర్చీలో ఒక కాలు మడిచింది, దాన్ని దించి ఇంకో కాలు మడిచింది, రెండూ దించింది. మధ్యలో ఆపితే లోపలున్నదంతా పోతుంది అని గీత కింద ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ మాట పొద్దున కూడా అక్కడే ఉంది, కానీ పొద్దున దాని మీద ఆమె చూపు ఆగలేదు, బస్సులో టిక్కెట్టు వెనక రాసిన మాటలు ఎవరు చదువుతారు. కాఫీ తాగేలోపు అయిపోతుందక్కా అని తోడికోడలు జ్యోతికి మాటిచ్చి మొదలుపెట్టిన పని. కాఫీ అయింది, ఉగ్గాని అయింది, అన్నం వార్చడం కూడా అయిపోతోంది. పెట్టె మాత్రం నిండు చూలాలిలా గసపోసుకుంటూ గర్ర్ టిక్ టిక్ గర్ర్ అంటూ ఉంది. ఇంకా ఎంతసేపని చూస్తే ఒకసారి గంట అంటుంది, కళ్లు తుడుచుకుని చూస్తే మూడు గంటలంటుంది, ధర్మవరం స్టేషన్లో రైలు సంగతి చెప్పే ఆయన ఇందులో కూడా ఉద్యోగం చేస్తున్నాడేమో.

చేస్తున్నది చిన్న పనే. ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటరు, అందులో ఉన్నది ఒకటే హార్డ్ డిస్కు. జ్యోతి చీరల డిజైన్లు గీసే ప్రోగ్రాము విండోసులో తప్ప నడవదు, సరళ నేర్చుకుంటున్న కోర్సుకు లినక్సు తప్ప పనికిరాదు, అందుకని డిస్కును రెండు వాటాలు చేసి, ఒక పెట్టెలోనే రెండు కాపురాలు పెట్టాలి. అనంతపురంలో కోర్సు చెప్పే విజయభాస్కర్ సారు బోర్డు మీద పొడుగాటి డబ్బా గీసి చూపించాడు కూడా. ఉన్నదాన్ని కుడి వైపు నుంచి రవ్వంత కుదించి, మిగిలిన జాగాలో కొత్తది వెయ్యమ్మా, నిమిషాల పని, ఎడమ అంచు జోలికి మాత్రం పోవద్దు, పోతే లోపలున్న ప్రతి గింజనూ ఎత్తి పక్కకు పోసుకుంటూ కూర్చుంటుంది, ఆ మధ్యలో కరెంటు పోయిందంటే గింజలు ఆ గాదెలోనూ ఉండవు ఈ గాదెలోనూ ఉండవు అన్నాడు. అంత బాగా చెప్పిన మాట పొద్దున ఎక్కడికి పోయిందో. పోయిందంటే జ్యోతి వచ్చి పక్కన నిలబడింది కాబట్టి పోయింది. జ్యోతి పక్కన నిలబడితే సరళకు తన పేరు కూడా ఒక్కోసారి అడిగి చెప్పాల్సి వస్తుంది.

"నాది యా పక్కమే?" అంది జ్యోతి, తెర మీది డబ్బాను చూసి.

"ఎడం పక్కక్కా. నువ్వు ఉన్న తావులోనే ఉంటావు. నాకు కుడి పక్క రోంత ఇస్తే చాలు."

జ్యోతి గోడను చూసింది, కిటికీని చూసింది, ఎండ పడిన చోటును చూసింది. "తూర్పు మొగమై కూర్చోనుండాము. ఎడమంటే ఉత్తరం. పెద్దదాన్ని నేను ఉత్తరంలో, చిన్నదానివి నువ్వు దక్షిణంలోనా? వాటాల్లో దక్షిణం పెద్దోళ్లది కదా, యాడన్నా ఉండాదా ఈ చోద్యం?"

"కంప్యూటర్లో దిక్కులుండవక్కా."

"అయితే ఇన్నాళ్లూ నా చీరల్ని దిక్కులేని తావులో పెట్టుకున్న్యానా?"

సరళ మౌసుతో జ్యోతి వాటాను పట్టుకుని, దక్షిణానికి, అంటే కుడి గోడకు ఆనేదాకా లాగింది. పెట్టె ఏదో అడిగింది, సరే అంది. మళ్లీ అడిగింది, సరే అంది. నొక్కిన వేలు ఇంకా పైకి లేవకముందే విజయభాస్కర్ సారు బోర్డు, డబ్బా, గింజలు, గాదె, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చి నిలబడ్డాయి. అవి ఒక్క నిమిషం ముందు వచ్చి ఉంటే వాటి సొమ్మేం పోయేది.

కదిలింది. ఈసారి నిజంగానే. వెంట్రుకంత.

కిటికీ రెక్క కొట్టుకుంది. గాలి లేస్తోంది. ఈ ఊరి గాలి సంగతి తెలియని వాళ్లకు చెబితే నమ్మరు. మామ సుంకప్ప చెప్తాడు, ఆయన చిన్నప్పుడు బయ్యన్న అనే ఆయన ఆరేసిన పంచె ఈ గాలికే లేచిపోయి, రాయదుర్గం దాటి గుమ్మఘట్టలో పడిందట, నెల తర్వాత గాలి మళ్లి తిరిగి ఇంటికొచ్చేసరికి ఆ పంచెకు కన్నడం వచ్చేసిందట, ఉతికేటప్పుడు బండ మీద కొడితే బేడా బేడా, వద్దు వద్దు, అనేదట. పంచె సంగతి ఎట్లా ఉన్నా, గాలి లేస్తే తీగలు రాసుకుంటాయి, తీగలు రాసుకుంటే ఆఫీసు వాళ్లు కరెంటు తీసేస్తారు, ఇంట్లో ఇన్వర్టరు ఉంది గానీ అది ముసలిది, మూడు మగ్గాల మీద బల్బులు, ఫ్యాను, ఈ పెట్టె, అన్నిటినీ మోయమంటే మెట్లెక్కిన అత్త తిరుపాలమ్మలా నడుం పట్టుకుని కూర్చుంటుంది. గాలీ, రోంత ఆగమ్మా, అనుకుంది సరళ, ఇంకొక్క గంట, నువ్వు కావాలంటే తర్వాత రా, మా ఇంటి పంచెలన్నీ తీసుకుపో.

లోపలి గదిలో మగ్గాలు ఆడుతున్నాయి, టక్ టక ధడ్, టక్ టక ధడ్, ఒకటి మామది, ఒకటి తన మొగుడు గిరిది. మూడోది బావ హరినాథ్‌ది, ఆయన నేసిన చీరలు ఇవ్వడానికి పుట్టపర్తి పోయాడు కాబట్టి దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఆ మగ్గాల నెత్తిన జకార్డు పెట్టెల్లో దండలుగా తిరిగే అట్టలన్నీ ఈ కంప్యూటరులో పుట్టినవే. జ్యోతి ఇక్కడ గడి గడీ నింపి గీస్తే, దాన్ని చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు, ఆ బెజ్జాలను బట్టి పోగులు లేస్తాయి, పోగులు లేస్తే నెమలి లేస్తుంది. నెమలి కళ్ల అంచు, కోట కొమ్మ అంచు, మామిడి పిందెల బుటా, చిలక వెనక్కి తిరిగి చూసే కొంగు, పెళ్లై వచ్చినప్పటి నుంచి జ్యోతి గీసినవన్నీ ఇప్పుడు ఆ గర్ర్ టిక్ టిక్ లోనే ఉన్నాయి. వేరే ఎక్కడా లేవు. లేకపోవడానికి కూడా కారణం ఉంది. ఒకసారి జ్యోతి హంసల అంచు ఒకటి గీసింది, ఆ చీర ఇంకా మగ్గం దిగనే లేదు, బజారులో ఎవరి అంగట్లోనో అవే హంసలు, అదే మెడ వంపు, మూడో హంసకు జ్యోతి పొరపాటున వదిలేసిన గడితో సహా, గాజు వెనక నిలబడి ఆమెనే చూశాయట. ఎవరు ఎత్తుకుపోయారో ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు నుంచి జ్యోతి డిజైను రెండో చోట పెట్టదు. ఇంటర్నెట్ వైరు పీకేసింది. ఇంకో డిస్కులో ఒక నకలు పెట్టుకుందామక్కా అని పొద్దున సరళ అడిగితే, "రెండు తావుల్లో ఉండేది ఎవురిదీ కాదుమే" అని వేలితో పెట్టెను తట్టింది. బిడ్డను తట్టినట్టు.

వాటాలు. వాటాలంటే సరళకు పామిడి ఇల్లే గుర్తొస్తుంది, అనుకోకుండానే అక్కడికి పోయింది మనసు, పోవద్దన్నా పోయింది. నాయన, చిన్నాయన ఇల్లు పంచుకున్న రోజు. పెద్దలొచ్చి తాడు పట్టారు, పెద్దోడికి దక్షిణం, చిన్నోడికి ఉత్తరం, అందులో మాట లేదు, తాడు నడింట్లోంచి పోయింది, తాడు దారిలో రోలుంది, పాతిన రోలు, తవ్వి తియ్యడానికి ఎవరూ ఒప్పుకోలేదు, నాది అంటే నాది. దాని మీదుగానే గోడ కట్టేశారు. అర్ధచంద్రంలా సగం రోలు ఈ పక్క, సగం ఆ పక్క. అమ్మ ఈ పక్క నుంచి పచ్చడి నూరబోతే ఆ పక్క పిన్నమ్మ మిరపకాయలు కూడా నలిగేవని సరళ కాలేజీలో చెబితే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, అందులో నలగడం తప్ప మిగిలిందంతా నిజమే. ఆ గోడ కట్టాక సరళ పడుకునే చోటు ఎటూ కాకుండా పోయింది. ఒకరోజు అమ్మ పక్కన, ఒకరోజు అవ్వ మంచం కింద, చుట్టాలొస్తే వాకిట్లో. పెళ్లై ఇక్కడికొస్తే ఇక్కడ బీరువాలో ఒక అర ఇచ్చారు, అందులో సగం అత్త పాత దుప్పట్లు. అందుకేనేమో కోర్సులో మొదటి రోజు సారు లినక్సు ఎక్కించి, ఇక్కడ నీ పేరు కొట్టమ్మా, ఇక్కడ నీ పాస్‌వర్డు, ఇది నీ ఇల్లు, నువ్వు తలుపు తీస్తే తప్ప ఎవరూ రారు అన్నప్పుడు, సరళ తన పేరు మూడుసార్లు తప్పు కొట్టింది. ఆ ఇల్లు కోర్సు నడిపే సంస్థ వాళ్లది, సాయంత్రం లేచి వచ్చేయాలి. తనదంటూ ఒకటి కావాలి, ఎక్కువ కాదు, డిస్కులో ఒక మూల, అక్క చీరల పక్కన, సద్దు చేయకుండా ఉంటుంది.

సద్దు చేయకుండా అనుకుని చూడు ఎంత పని చేసిందో.

అసలు డిస్కంటే ఏంటి, లోపల పళ్లెం కదా, పళ్లెం తిరుగుతుంది కదా, రెప్ప వేసేలోపు ఎన్నిసార్లు తిరుగుతుందో ఎవడికి తెలుసు, ఆ తిరుగుడులో దక్షిణం కూడా తిరుగుతుంది, ఉత్తరమూ తిరుగుతుంది, తిరిగేదానికి దిక్కెక్కడిది, ఈ ఒక్క మాట పొద్దున నోటికొచ్చి ఉంటే, అక్కా, నీ చీరలు కాసేపు దక్షిణంలో, కాసేపు తూర్పులో, గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టే ఉంటాయి అని చెప్పి ఉంటే జ్యోతి నవ్వేది, నిజంగా నవ్వేది, జ్యోతి నవ్వితే ముక్కుపుడక కూడా నవ్వుతుంది. మంచి మాటలు ఎప్పుడూ పని చెడిపోయాకే వస్తాయి. ఇప్పుడు పోయి చెప్పనా. వంటింట్లో ఉంది, నాలుగడుగులు. అక్కా, తప్పు నొక్కినాను. చెబితే ఏమవుతుంది, ఏమీ కాదు, చెప్పినా గీత వేగంగా పోదు, చెప్పకపోయినా పోదు, మరి చెప్పి ఏం లాభం, ఆమెకూ గుండె దడ తప్ప. ఇట్లా అనుకుంటే ధర్మంగానే ఉంది. కానీ ధర్మంగా ఉన్నప్పుడు వంటింటి వైపు ఇట్లా దొంగచూపులు చూడరు. చెప్పకుండా అయిపోతే, అయిపోయాక నవ్వుతూ చెబుతుంది. అయిపోకపోతే. ఆ తర్వాతి మాటను మనసు ముట్టుకోలేదు, వేడి గిన్నె మీద నుంచి చెయ్యి తీసినట్టు తీసేసింది.

ఫ్యాను ఆగింది.

ముందు ఫ్యాను, దాని వెనకే వీధిలో ఎవరిదో టీవీ, ఇంకెవరిదో మిక్సీ. ఇన్వర్టరు మూలలో టక్కుమంది, ఫ్యాను మళ్లీ కదిలింది గానీ, ఇష్టం లేకుండా. తెర బతికే ఉంది. గీత బతికే ఉంది. సరళ ఊపిరి వదలబోయేసరికి ఇన్వర్టరు కీచుమంది. కాసేపాగి మళ్లీ కీచు. పిట్టపిల్లను ఎవరో తొక్కినట్టు.

జ్యోతి వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. "ఏందిమే అది, ఆ అరుపు?"

"ఇన్వర్టరక్కా."

"అరవనీలే. నాది అయిందా?"

"అక్కా." సరళ లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలియదు. "ఇది ఇప్పుడు ఆగిపోతే నీ డిజైన్లు పోతాయి."

"యాడికి పోతాయి?"

"యాడికీ పోవు. ఉండవు."

గరిటె నుంచి పప్పు ఒక చుక్క నేల మీద పడింది. ఇద్దరూ దాన్నే చూశారు.

"ఇప్పుడు యాడుండాయి?"

"సగం కొత్త తావులో, సగం పాత తావులో. దక్షిణానికి జరపాలంటే ఒక్కొక్కటే మోసుకుపోవాల. మోస్తాండాది."

"పొద్దున్నే తెలుసునా నీకు?"

"నొక్కినాక తెలిసింది."

"నొక్కినాక చెప్పచ్చు కదా."

"నీ మొగం చూసి చెప్పల్యాకపోయినా."

కీచు. సరళ తల వంచుకుని తిట్లకు సిద్ధమైంది, ఆ తిట్లు ఎలా ఉంటాయో కూడా ముందే విన్నది మనసులో, ఏ మాట ఎక్కడ తగులుతుందో, రాత్రికి మొగుడితో ఏమని చెప్పుకోవాలో, పామిడికి ఫోన్ చేస్తే అమ్మ ఏమంటుందో, అన్నీ అయిపోయి మళ్లీ మొదటికొచ్చేసరికి చూస్తే ఎదుట జ్యోతి లేదు. లోపలి గదిలో స్విచ్చులు పడుతున్న చప్పుడు. టప్. టప్. ఇక్కడ నెత్తి మీద ఫ్యాను కూడా ఆగింది.

పట్టు మీద దుమ్ము పడకూడదని ఆ గదికి కిటికీలు పెట్టలేదు, బల్బు ఆర్పితే పట్టపగలు కూడా బావిలో ఉన్నట్టే. మగ్గాలు తడబడి ఆగాయి.

"వదినా, లైటేసేయి," గిరి గొంతు. "కొంగు కాడ ఉండాను."

"మగ్గం గుంటలోంచి కాళ్లు తీ, గిరీ."

"కొంగు కాడ ఎట్ల లేస్తారు? లేయకూడదని నువ్వే అంటావు కదా."

"నేనే అంటి, నేనే చెప్తాండా. లేయి. మామా, నువ్వు కూడా రా, గోడ పట్టుకోని రా."

ఒక్కొక్కరే బయటికొచ్చారు, కళ్లు చికిలించుకుంటూ. అత్త తిరుపాలమ్మ పెరట్లోంచి వచ్చి గడపలో కూర్చుంది. మగ్గాల చప్పుడు లేని ఆ ఇల్లు ఎలా ఉంటుందో సరళ ఎప్పుడూ వినలేదు. పండగకు ఆగినా అప్పుడు జనం ఉంటారు, గిన్నెలుంటాయి. ఇప్పుడు ఏమీ లేదు, బయట గాలి, మూలలో కీచు, బల్ల కింద పెట్టె. పెట్టె ఇంత చప్పుడు చేస్తుందా. గర్ర్ టిక్ టిక్ గర్ర్. గడపలో అత్త తప్ప నలుగురూ దాని చుట్టూ, పురుడు గది బయట నిలబడినట్టు నిలబడ్డారు.

సుంకప్ప వంగి చెవి పెట్టాడు. "ఏం నేస్తాండాదిది?"

"నేయలేదు మామా. అక్క చీరలన్నీ ఒక తావు నుంచి ఇంగో తావుకు మోస్తాండాది."

"ఎంతమందుండారు లోపల?"

"మోసేది ఒకటే సూది."

"పాపం," అన్నాడు ఆయన, నిజంగానే జాలిపడి.

గిరికి సంగతి అప్పుడు అర్థమైంది. అతని మొహం ఎర్రబడింది. "ఉన్నదాన్ని కెలకొద్దని చెప్తి కదా నీకు. ఎవురు జరపమన్నారు దీన్ని? ఊరికే ఉన్న డిజైన్లను ఎవురు జరపమన్నారు?"

సరళ నోరు తెరిచింది.

"నేను జరపమన్న్యా," అంది జ్యోతి. "దక్షిణం నాకు గావాలని నేనే అడిగినా. అది వద్దనే అనె. ఏమన్నా అడిగేదుంటే నన్నడుగు, దాన్నెందుకు అడిగేది?"

వద్దని సరళ అననే లేదు. దిక్కులుండవక్కా అని మాత్రం అంది, అదీ సగం గొంతుతో. ఆ సగం గొంతును జ్యోతి ఎక్కడో దాచిపెట్టి, ఇప్పుడు నిండు గొంతు చేసి అందరి ముందూ పెట్టింది. సరళ మళ్లీ కుర్చీలో కూర్చుని తెర వైపు తిరిగింది, కళ్లు చెమ్మగిల్లి గీత రెండుగా కనిపించింది, రెండూ కదిలాయి. కీచులు దగ్గరపడ్డాయి, పిట్టపిల్ల ఇప్పుడు ఊపిరి తీసుకోకుండా అరుస్తోంది, కదులు, కదులు తల్లీ, ఒక్క చిలక, ఇంకొక్క పిందె, వెనక్కి చూడొద్దని చెప్పు ఆ చిలకకు, నడవమను. జ్యోతి చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది. సరళ భుజానికి తగిలీ తగలకుండా, పసుపు వాసనతో, కుర్చీని బిగించి పట్టుకుని. జ్యోతికి కూడా భయమేస్తుందా. ఇన్నేళ్లూ ఆ మాటే తోచలేదు.

గీత చివరికి ఆనింది. పెట్టె గమ్మునైపోయింది. అంతా అయినట్టు ఒక చిన్న మాట తెర మీదికొచ్చింది, పొలం కోసి ఒక్క గింజ చేతిలో పెట్టినంత మాట.

"అయిందా? సచ్చిందా?" అంది అత్త గడపలోంచి.

"ఉండత్తా," అన్నారు ఇద్దరు కోడళ్లూ ఒకేసారి.

కరెంటు ఇంకా రాలేదు. మళ్లీ మొదలుపెట్టి చూడాలంటే ఇన్వర్టరు నిలవదు, చూడకుండా ఉండాలంటే మనుషులు నిలవరు. పెట్టె ఆపి కూర్చున్నారు. ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. గాలి తనకు కావలసినంత సేపు వీచి, వీధిలో ఉన్న చెత్తంతా కొత్తచెరువు వైపు తోలి, అలసిపోయింది. ఆఫీసు వాళ్లకు దయ కలిగి కరెంటు వదిలేసరికి సరళ గోళ్లన్నీ కొరికేసి జ్యోతి గోళ్ల వైపు చూస్తోంది.

మీట నొక్కింది. నల్ల తెర. నల్ల తెర. ఇంకా నల్ల తెరే. తర్వాత తెల్ల అక్షరాలు, డిస్కును ఒకసారి తడిమి చూసుకుంటాను అని విండోసు అంది, చూసుకోమ్మా, నిదానంగా చూసుకో. చూసుకుంది. తెరుచుకుంది. జ్యోతి తానే మౌసు పట్టుకుని తన గది తలుపు తీసింది. నెమలి కళ్లు ఉన్నాయి. కోట కొమ్మ ఉంది. పిందెలు, చిలక, మూడో హంసకు లేని గడి లేనట్టే ఉంది. ఒక్కొక్కటే తెరిచి, మొహం దగ్గరగా పెట్టి చూసి, మూసింది. అన్నీ అయ్యేదాకా ఎవరి వైపూ తిరగలేదు.

"ఇంగ కూర్చుందునా మగ్గంలో?" అన్నాడు గిరి.

జ్యోతి సరళను చూసింది. "నీది ఎంతసేపు?"

"నాది మొదలే కాలేదక్కా. ఖాళీ జాగా మాత్రం వచ్చింది. రేపు ఏసుకుంటాలే."

"రేపు యాల? ఖాళీ తావు ఒక పూట వదిలితే ఈ ఊర్లో ఎవుడో ఒకడు గడ్డివామేస్తాడు. కూర్చో." కుర్చీలోంచి లేచి, దాన్ని కొంగుతో తుడిచింది. "గిరీ, బల్బులు ఏయాకు. కరెంటు మళ్లీ పోతే ఇన్వర్టరు దీనికి గావాల. సరళది కూడా కానీ."

గిరి తండ్రి వైపు చూశాడు. సుంకప్ప అప్పటికే గోడకు ఆనుకుని బీడీ వెతుక్కుంటున్నాడు.

సరళ కూర్చుంది. లినక్సు ఎక్కడానికి ముందు నీ పేరేమిటని అడిగింది. వేళ్లు పెట్టబోతుంటే వాకిట్లో చెప్పుల చప్పుడు, ఒకటి కాదు, నాలుగైదు జతలు. నడి పొద్దులో మగ్గాలు ఆగితే ఆ వీధిలో ఒకటే అర్థం. ఎదురింటి చౌడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు కూడా సగం తెచ్చుకుని, తలుపు దగ్గర నిలబడింది. వెనక ఇంకా ఆడవాళ్లు.

"ఎవురు పోయినారు జ్యోతీ?"

జ్యోతి తలుపుకు అడ్డంగా పోయి నిలబడింది.

"ఎవురూ పోలేదత్తా. మా సరళ ఇల్లు కట్టుకుంటాండాది. రోంతసేపు సద్దు చేయాకండి."